నోట్లో నాలుక ఉన్న పిల్ల

ఆడపిల్లను మెచ్చుకోవడానికి మన భాషలో ఉన్న మాటల్లో ‘పాపం, నోట్లో నాలుక లేని పిల్ల’ అనేది ఒకటి. అదే నాలుక ఉన్నట్టు తెలిస్తే నోరు పెద్దదంటారు, గయ్యాళంటారు, ఇంకా చిన్నదైతే ముద్దుగా వసపిట్ట అంటారు. మాట్లాడకుండా ఉండి పుణ్యం సంపాదించుకోవడానికి మూగనోము కూడా ఆడవాళ్ళ కోసమే ఉంది. మాటకీ మౌనానికీ మధ్య ఆడపిల్ల ఎంత దూరం నడవొచ్చో మన నుడికారం ముందే గీత గీసిపెట్టింది.

ఆ గీత గురించే నేను పరిశోధన చేశాను. స్త్రీల కథల్లో మౌనం నా డాక్టరేట్ అంశం. స్త్రీవాద సాహిత్యం చదువుకుంటూ పెరిగినవాళ్ళకి మౌనం, గొంతు, మాట అనేవి ఎంత బరువైన పదాలో చెప్పక్కర్లేదు. 1977లో ఆడ్రీ లార్డ్ మౌనాన్ని భాషగా, కార్యాచరణగా మార్చుకోవడం గురించి ప్రసంగించింది. 1978లో టిల్లీ ఓల్సెన్ తన పుస్తకానికి ‘సైలెన్సెస్’ అనే పేరు పెట్టింది. ఇక్కడ 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. 1993లో వోల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చింది. మౌనం అంటే అణచివేత, మాట అంటే విముక్తి అనే సమీకరణం మన తరం దాకా అలా నడిచి వచ్చింది. నా థీసిస్ కూడా ఆ సమీకరణం మీదే నిలబడింది. ఆ తర్వాత మా అమ్మాయి బడికి వెళ్ళడం మొదలుపెట్టింది.

మేం కొత్తపేటలో అద్దెకుంటాం. ఇటు దిల్‌సుఖ్‌నగర్, అటు ఎల్బీనగర్. మా అత్తమ్మ వాళ్ళది నల్లగొండ వైపు. పాప ఇంట్లో మాట్లాడుతుంది అనడం చాలా తక్కువ చెప్పినట్టు. నిద్ర లేచింది మొదలు నానమ్మతో పోట్లాట, బొమ్మలకు క్లాసు చెప్పడం, వాళ్ళ నాన్న ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో దూరడం. అదే పిల్ల లిఫ్టులో పక్కింటావిడ ఎక్కితే ఆగిపోతుంది. సిగ్గుపడే పిల్లలు నవ్వుతూ తల దించుకుంటారు. ఈమె అలా కాదు. ముఖంలో కదలిక ఉండదు. చేతులు బిగుసుకుపోతాయి. ‘నీ పేరేంటమ్మా’ అని అడిగితే చూపు ఎక్కడో గోడ మీద ఆగిపోతుంది. మా అత్తమ్మ మాటల్లో చెప్పాలంటే, “ఇంట్ల గింత లొల్లి జేస్తది, గడప దాటంగనే మూగనోము పడ్తది.”

ఎల్‌కేజీలో ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో బళ్ళో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. టీచర్‌తోనే కాదు, పక్కన కూర్చున్న పిల్లలతో కూడా. బాత్రూముకి వెళ్ళాలని అడగలేక బట్టలు తడుపుకుని ఇంటికొచ్చిన రోజులున్నాయి. కానీ మొదటి టర్మ్ రిపోర్టులో ప్రవర్తన అన్న గడిలో ‘చాలా మంచి అమ్మాయి, నిశ్శబ్దంగా ఉంటుంది’ అని రాశారు. రెండో టర్మ్‌కి, ఓరల్ పరీక్ష మార్కులు వెయ్యాల్సి వచ్చేసరికి, అదే గడిలోకి ‘మొండిది, సహకరించదు’ అన్న మాటలు చేరాయి. పిల్ల మారలేదు. మారిందల్లా ఆమె మౌనం ఎవరికి పనికొస్తోంది, ఎవరికి అడ్డం వస్తోంది అన్నదే.

ఈ స్థితికి సెలెక్టివ్ మ్యూటిజం అని పేరు. సాధారణంగా అయిదేళ్ళ లోపే మొదలవుతుంది గానీ బడిలో చేరాకే బయటపడుతుంది. కొన్ని చోట్ల మామూలుగా మాట్లాడగలిగిన పిల్లలు, మాట్లాడాల్సిన మరికొన్ని చోట్ల మాట్లాడలేకపోతారు. అది కనీసం నెల రోజులు కొనసాగాలి. బడిలో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు. భాష తెలియకపోవడం దానికి కారణమై ఉండకూడదు. నూటికి ఒకరికంటే తక్కువ మందిలో కనిపిస్తుందంటారు. చాలా అధ్యయనాల్లో మగపిల్లల కంటే ఆడపిల్లల సంఖ్య కాస్త ఎక్కువ. అయితే ‘నోట్లో నాలుక లేదు’ అనేది ప్రశంస అయిన సమాజంలో ఎంతమంది ఆడపిల్లలు ఈ లెక్కలోకి వస్తారన్నది నాకెప్పుడూ అనుమానమే. మాట్లాడని మగపిల్లవాడి కోసం ఇల్లంతా కంగారు పడుతుంది. మాట్లాడని ఆడపిల్లను చూసి పెంపకం బాగుందంటుంది.

సాహిత్య విద్యార్థిని కాబట్టి నేను మొదట పేరునే పట్టుకున్నాను. 1877లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మాల్ దీన్ని ‘అఫేజియా వాలంటేరియా’ అన్నాడు. అంటే కావాలని పాటించే మూగతనం. 1934లో స్విట్జర్లాండ్‌కు చెందిన మోరిట్జ్ ట్రామర్ ‘ఎలెక్టివ్ మ్యూటిజం’ అన్నాడు. అంటే పిల్ల తానే ఎంచుకున్న మౌనం. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలోకి ఆ పేరుతోనే వచ్చింది. 1994లో ‘ఎలెక్టివ్’ పోయి ‘సెలెక్టివ్’ అయింది. 2013లో వచ్చిన అయిదో కూర్పులో దీన్ని ఆందోళన రుగ్మతల కింద చేర్చారు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణ కూడా అదే చేసింది. అంటే పిల్ల మాట్లాడనంటోంది అనుకోవడం మానేసి, పిల్ల మాట్లాడలేకపోతోంది అని ఒప్పుకోవడానికి వైద్యశాస్త్రానికి నూట ముప్ఫై ఏళ్ళకు పైనే పట్టింది. ‘అనదు’ నుంచి ‘అనలేదు’ దాకా. తెలుగులో ఈ రెండింటికీ మధ్య తేడా ఒక్క అక్షరమే.

తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. ‘ఎంపిక మౌనం’ అని అనువదిస్తే కుస్‌మాల్ దగ్గరికే తిరిగి వెళ్తాం. ఇందులో పిల్ల ఎంచుకునేది ఏమీ లేదు. మా పాపే ఒకరోజు అన్నం తింటూ నాకు ఆ పేరు అందించింది. “బళ్ళె మాట గట్టిగైతదమ్మా, బయటికి రాదు” అంది. గొంతు పట్టేసినట్టు, తలుపు బిగుసుకున్నట్టు. అప్పటినుంచి నేను ‘మాట బిగుసుకోవడం’ అనే అంటున్నాను.

మేం ఉన్న ప్రాంతంలో మాట్లాడలేని పిల్లను పెంచడంలో ఒక విచిత్రం ఉంది. దిల్‌సుఖ్‌నగర్ మాటలు అమ్మే ఊరు. మెట్రో పిల్లర్ల మీద, హాస్టళ్ళ గోడల మీద, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులే. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్ గదుల్లో ఇరుక్కుని, ఇంటర్వ్యూలో నాలుగు వాక్యాలు తడబడకుండా చెప్పడం కోసం డబ్బు కడతారు. మాట ఇక్కడ ఉద్యోగం, కులం నుంచి కాస్త దూరం, పెళ్ళి సంబంధం. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ రింగ్‌రోడ్ దాకా ఇప్పుడు ఆ బోర్డుల పక్కనే స్పీచ్ థెరపీ, చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ల బోర్డులు కూడా కనిపిస్తాయి. మాట రానివాళ్ళకు ఒక మెట్టు, వచ్చినా చాలనివాళ్ళకు ఇంకో మెట్టు. ఒక్కోసారి రెండూ ఒకే బిల్డింగులో.

అక్కడికి వెళ్ళకముందు ఇంట్లో చెయ్యాల్సినవన్నీ జరిగాయి. అత్తమ్మ వసకొమ్ము తెచ్చి అరగదీసింది. పసితనంలో నాలుకకు సరిగా రాయలేదేమోనని ఆమె బెంగ. దిష్టి తీసింది. ఎవరో చెప్తే తాయెత్తు కట్టించుకొచ్చింది. ఇవన్నీ చూసి నవ్వేవాళ్ళుంటారు. నాకు నవ్వు రాలేదు. పిల్లకు ఏదో ఇబ్బంది ఉందని, అది మొండితనం కాదని ఆ ఇంట్లో అందరికంటే ముందు నమ్మింది ఆమె. “దాని కండ్లు జూడు, భయం తప్ప పొగరున్నదా?” అని మా వారిని కసిరింది. కుస్‌మాల్ చూడనిది అక్షరం రాని ముసలావిడ చూసింది.

మొదట వెళ్ళిన సెంటర్ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇరవై నిమిషాలు చూసి ఆటిజం కావచ్చన్నారు. ఇంట్లో పాప బొమ్మలకు పాఠం చెప్తున్న వీడియో చూపించబోతే తర్వాత చూస్తామన్నారు. నెలకు ఇన్ని సెషన్లని ప్యాకేజీ రాశారు. ఫారంలో ప్రశ్నలన్నీ నాకే. తల్లి ఉద్యోగం చేస్తుందా? పిల్లను ఎవరు చూసుకుంటారు? ఫోన్ ఎంతసేపు ఇస్తారు? గర్భంతో ఉన్నప్పుడు దిగులు పడేవారా? ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఆయన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే, ఫోన్ నంబర్. లోపల గదిలో నన్ను బయటే ఉండమని, పాప ముందు ఫ్లాష్‌కార్డులు పెట్టి ‘సే యాపిల్, సే యాపిల్’ అన్నారు. యాపిల్ అనడం రానిది కాదు మా పిల్ల సమస్య. నాలుగు సెషన్ల తర్వాత ఆ బిల్డింగ్ మెట్లెక్కడానికే వణికిపోయింది. మేం మానేశాం.

తల్లిని బోనులో నిలబెట్టే ఆ ఫారం ఎక్కడినుంచి వచ్చిందో వెతికితే చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది. ఆటిజానికి తల్లుల చల్లదనమే కారణమని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకమే రాశాడు. ఆ సిద్ధాంతం తర్వాత కూలిపోయింది గానీ, అప్పటికే ఒక తరం తల్లులు దోషులైపోయారు. మాట్లాడని పిల్లల విషయంలో ఆరోపణ తిరగబడింది. ఇక్కడ తల్లి ప్రేమ తక్కువ కాదు, ఎక్కువ. 1980లో టోరీ హేడెన్ ఈ పిల్లల్ని నాలుగు రకాలుగా విభజించింది. వాటిలో ఒకటి ‘సింబయాటిక్’. తల్లీ పిల్లా విడదీయలేనంతగా అతుక్కుపోయిన రకం. దూరంగా ఉంటే చల్లని తల్లి, దగ్గరగా ఉంటే అతుక్కుపోయిన తల్లి. సరైన దూరం ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇప్పటి పరిశోధన ఇంత సులభంగా తల్లిని వేలెత్తి చూపదు. పుట్టుకతో వచ్చే జంకు స్వభావం, ఆందోళనకు కుటుంబంలో ఉన్న వారసత్వం, పరిసరాలు, ఇవన్నీ కలిసి పనిచేస్తాయంటుంది. కొత్త మనుషులు, కొత్త చోట్లు ఎదురైనప్పుడు వెనక్కి తగ్గే స్వభావం కొందరు పిల్లల్లో పసితనం నుంచే ఉంటుందని జెరోమ్ కేగన్ దశాబ్దాల పాటు చూపించాడు. పరిశోధన మారినా మన క్లినిక్కుల ఫారాలు మారలేదు.

ఇంకొక ప్రశ్న ఉంది. దాన్ని స్త్రీవాదులుగా మనం తప్పించుకోకూడదు. మాట్లాడని ఆడపిల్ల అనగానే నా మిత్రురాళ్ళందరికీ మొదట తట్టింది హింస. మాయా ఏంజెలో 1969 నాటి ఆత్మకథ మనందరం చదివాం. ఎనిమిదేళ్ళ వయసులో అత్యాచారం తర్వాత ఆమె దాదాపు అయిదేళ్ళు మాట్లాడలేదు. ఆ అనుమానం అవసరమైనదే. మేమూ అడగాల్సినవన్నీ అడిగాం, చూడాల్సినవన్నీ చూశాం. పోక్సో చట్టం 2012లో వచ్చిందే పిల్లలు చెప్పలేనివి ఉంటాయని. కానీ రెండింటికీ తేడా ఉంది. దెబ్బతిన్న పిల్ల చాలాసార్లు హఠాత్తుగా మూగబోతుంది, ఇంట్లో కూడా. మాట బిగుసుకునే పిల్ల మొదటినుంచీ కొన్ని చోట్లే, కొందరి దగ్గరే ఆగిపోతుంది. ఈ పిల్లల్లో ఎక్కువమంది వెనక ఏ ఘోరమూ ఉండదు. ప్రతి మౌనం వెనకా ఒక కథ ఉంటుందని నమ్మే సాహిత్య విమర్శకురాలికి ఇది మింగుడుపడటం కష్టం. కొన్ని మౌనాల వెనక కథ ఉండదు. శరీరం ఉంటుంది.

బడి సంగతి. ఎల్‌కేజీ సీటు కోసం ‘ఇంటరాక్షన్’ అని పిలిచి పిల్లను ప్రశ్నలు అడిగారు. సీటు మాత్రం ఫీజు కట్టాక వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశానికి ముందు పిల్లల్ని, తల్లిదండ్రుల్ని వడపోయడాన్ని నిషేధించింది. 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. మాట్లాడేదాకా నిలబెట్టడం వేధింపు కాదా అని అడిగితే, “మేడమ్, ఇంగ్లీష్ రావాలంటే కొంచెం ప్రెజర్ ఉండాలి కదా” అన్నారు.

తెలుగు మీడియంలో వేస్తే మాట్లాడేదని తెలుగు శాఖలో పనిచేసే స్నేహితులు సలహా ఇచ్చారు. విషయం అంత సులభంగా లేదు. రెండో భాషలోకి అడుగుపెట్టిన పిల్లలు కొన్ని నెలలు వింటూ ఊరుకోవడం సహజమే. మా పాప అలా కాదు. తెలుగులో పలకరించిన పక్కింటావిడ దగ్గరా, తెలుగు తప్ప ఇంకేమీ రాని మేనత్తల దగ్గరా ఆగిపోయేది. అయితే రెండు భాషల మధ్య బతికే పిల్లల్లో, వలస కుటుంబాల పిల్లల్లో ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుందన్నది కూడా నిజం. జంకు ముందే ఉన్న పిల్ల మీద తెలియని భాష ఇంకో రాయి పెడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా వీలైన చోటల్లా ఇంటి భాషలో చదువు చెప్పమంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీష్ మీడియం మొదలైంది. ఇంగ్లీష్‌ను తరతరాలుగా అందనివ్వకుండా చేసినవాళ్ళు మాతృభాష గొప్పదనం గురించి చెప్తే దళిత బహుజన తల్లులు ఎందుకు వినాలి? నేను వాదించేది మీడియం గురించి కాదు. పిల్ల ఏ భాషలో బాత్రూముకి వెళ్ళాలని అడిగినా పంపించే బడి గురించి.

రెండో థెరపిస్టు చైతన్యపురిలో ఒక చిన్న గదిలో కూర్చునే సైకాలజిస్టు. ఆమె ముందు మా వీడియోలన్నీ చూసింది. తర్వాత మాకిద్దరికీ కాగితం మీద ఒక గుండ్రని బొమ్మ గీసి చూపించింది. ఎవరో పిల్లను ప్రశ్న అడుగుతారు. పిల్లకు భయం పెరుగుతుంది. పిల్ల ముఖం చూసి పక్కనున్న పెద్దవాళ్ళు జవాబు చెప్పేస్తారు. ప్రశ్న అడిగినవాళ్ళకీ, చెప్పినవాళ్ళకీ, పిల్లకీ ఒకేసారి ఊరట. ఆ ఊరటే మౌనానికి తిండి. తర్వాతిసారి మాట ఇంకాస్త బిగుస్తుంది. “ఇందులో ఎవరి తప్పూ లేదండీ. మనుషులెవరైనా ఇలాగే చేస్తారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపుదాం” అంది.

ఆమె మొదటి రెండు వారాలూ పాపను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేల మీద కూర్చుని, పాప ఏం చేస్తుంటే అది క్రికెట్ కామెంటరీలా చెప్పేది. “ఎర్ర బ్లాకు మీద నీలం పెట్టావు. ఇంకా ఎత్తుగా కడుతున్నావు.” పాప చూడకపోయినా, తల ఊపకపోయినా ఆమెకు పట్టింపు లేదు. ఆ తర్వాత మెట్లు మొదలయ్యాయి. నేనూ పాపా గదిలో ఆడుకుంటూ మామూలుగా మాట్లాడుకోవాలి, ఆమె బయట. పాప గొంతు విడిగా వినపడుతుంటే ఆమె తలుపు కాస్త తెరిచేది. తర్వాత రోజు గడప మీద. ఆ తర్వాత గదిలో అటు తిరిగి ఏదో రాసుకుంటూ. తర్వాత ఇటు తిరిగి. చివరికి మా ఇద్దరి అంకెల ఆటలో మూడో మనిషిగా. నేను ‘ఒకటి’ అంటే, పాప ‘రెండు’, ఆమె ‘మూడు’. ఆమె ముందు పాప నోట వచ్చిన మొదటి మాట ‘రెండు’. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆట సాగింది. తర్వాత నా కుర్చీ మెల్లగా తలుపు వైపు జరిగింది, ఇంకోరోజు తలుపు అవతలికి.

ఈ పద్ధతిని ఇంగ్లండ్‌లో మ్యాగీ జాన్సన్, ఆలిసన్ వింట్‌జెన్స్ అనే ఇద్దరు స్పీచ్ థెరపిస్టులు 2001లో వచ్చిన తమ పుస్తకంలో వివరంగా రాశారు. పిల్లను మాటల్లోకి లాగడం ఉండదు. పిల్ల మాట ఇప్పటికే ఉన్న చోటికి కొత్త మనుషుల్ని ఒక్కొక్క అడుగూ తీసుకొస్తారు. ప్రశ్నలు అడిగే దశ వచ్చాక దానికీ నియమాలున్నాయి. ‘ఎరుపు కావాలా?’ అని అడిగితే తల ఊపి ఊరుకోవచ్చు. ‘ఎరుపు కావాలా, నీలం కావాలా?’ అని అడగాలి. అడిగాక అయిదు సెకన్లు ఆగాలి. జవాబొస్తే ‘నీలం అని చెప్పావు, ఇదిగో’ అని మామూలుగా ఇవ్వాలి. రాకపోతే మళ్ళీ సులువు చేసి అడగాలి. లంచం లేదు, బెదిరింపు లేదు, ‘మాట్లాడితే చాక్లెట్’ లేదు. పెద్దపిల్లలకో, ఇలా ఎన్నాళ్ళు చేసినా కదలిక లేనివాళ్ళకో పిల్లల సైకియాట్రిస్టులు ఫ్లూఆక్సెటిన్ వంటి ఆందోళన తగ్గించే మందులు కూడా వాడతారు. మాకు ఆ అవసరం రాలేదు. వచ్చినా అందులో సిగ్గుపడాల్సింది లేదు.

అయిదు సెకన్లు ఎంత పొడవో అప్పుడు తెలిసింది. ఒక పెళ్ళిలో పెద్దాయన పాపను ‘ఏ క్లాసు?’ అని అడిగితే, పాప తరఫున ఎవరూ జవాబివ్వకుండా అయిదు సెకన్లు నిలబడి చూడండి. ఆ మౌనాన్ని పూడ్చే బాధ్యత ఆ గుంపులో ఆడవాళ్ళదే అన్నట్టు చూపులన్నీ మన వైపే తిరుగుతాయి. అందరి మాటల మధ్య అతుకులు వెయ్యడం మనకు ఎప్పటినుంచో అప్పజెప్పిన పని. ఆ పని మానుకుని ఊరుకోవడమే వైద్యంలో నా వంతు.

బడిలో మెట్లు ఎక్కించింది మాత్రం ఆయమ్మ. తరగతి టీచర్ చిన్నమ్మాయి. నలభైమంది పిల్లలు, చాలీచాలని జీతం. సైకాలజిస్టు రాసిచ్చిన ప్లాన్ చదివి, “మేడమ్, నాకు ఇష్టమే, కానీ టైమెక్కడిది?” అంది నిజాయితీగా. ఆయమ్మకు కూడా టైం లేదు. అయినా బడి వదిలాక ఊడుస్తూ ఉండే పదిహేను నిమిషాలు ఉన్నాయి. ఖాళీ క్లాసులో నేనూ పాపా ఆడుకుంటుంటే ఆమె మొదట వరండా ఊడ్చేది, తర్వాత గుమ్మం, తర్వాత గది. సైకాలజిస్టు చెప్పిన దూరాలన్నీ చీపురుతో కొలిచినట్టు పాటించింది. “మీరు ఫికర్ చెయ్యకుండ్రి. పోరి దానంతట అదే మాట్లాడ్తది. మా ఊర్ల బర్రెదూడ గూడ కొత్త చేతికి జల్ది రాదు” అనేది. నాలుగో వారంలో, నేను లేని ఒక మధ్యాహ్నం, పాప డబ్బా పట్టుకుని ఆమె దగ్గరికెళ్ళి “మూత వస్తలేదు” అంది. ఆయమ్మ మూత తీసి ఇచ్చింది, అంతే. సాయంత్రం గేటు దగ్గర నాకు చెప్పేటప్పుడు మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ పదిహేను నిమిషాలకు ఆమెకెవరూ జీతం ఇవ్వలేదు. మేం ఇవ్వబోతే తీసుకోలేదు. ఈ వైద్యంలో ఖరీదైన యంత్రాలు, పరీక్షలు లేవు. ఉన్నదల్లా సమయం. ఎక్కువగా ఆడవాళ్ళ సమయం. నా ఫెలోషిప్ అప్పటికి అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు, కాబట్టి మధ్యాహ్నాలు నావి. కొత్తపేటలోనే బట్టల షాపులో పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడే తల్లికి ఇదే పిల్ల పుట్టి ఉంటే? ప్రభుత్వం వైపు నుంచి కొన్ని దారులు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల ఎదుగుదల లోపాలు గుర్తించి జిల్లా కేంద్రాలకు పంపాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే అదే లైన్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య కేంద్రానికి దిగొచ్చు. 2018 సెప్టెంబరు నుంచి రైలు ఉంది. కానీ ‘ఎర్రగడ్డ’ అనేది హైదరాబాదులో ఒక తిట్టు. ఆ స్టేషన్‌లో ఆడపిల్లను వెంటబెట్టుకుని దిగడానికి ఎంత ధైర్యం కావాలో ఆ తిట్టును సరదాగా వాడేవాళ్ళకు తెలియదు.

ఈ నెలల్లోనే మాక్సిన్ హాంగ్ కింగ్‌స్టన్ ‘ద వుమన్ వారియర్’ మళ్ళీ తీశాను. 1976లో వచ్చిన పుస్తకం. చివరి అధ్యాయంలో చైనీయ వలస కుటుంబపు పిల్ల అమెరికన్ బడిలో మూగబోతుంది. మూడేళ్ళు తన బొమ్మలన్నిటి మీదా నల్లరంగు పూస్తుంది. సాయంత్రం చైనీయ బడిలో అవే ఆడపిల్లలు గొంతెత్తి అరుస్తారు. మాట బాగా రావాలని తల్లి తన నాలుక కింది నరం కోసిందని ఆ పిల్ల చెప్తుంది. నాకు మా అత్తమ్మ వసకొమ్ము గుర్తొచ్చింది. అదే పిల్ల కాస్త పెద్దయ్యాక తనకంటే మౌనంగా ఉండే ఇంకో పిల్లను బడి బాత్రూములో నిలబెట్టి, జుట్టు లాగి, బుగ్గ గిల్లి, ఆశపెట్టి, బతిమాలి, ‘మాట్లాడు’ అంటుంది. ఆ పిల్ల ఏడుస్తుంది గానీ మాట్లాడదు. కథకురాలు ఆ తర్వాత పద్దెనిమిది నెలలు మంచం పడుతుంది.

ఆ ఘట్టాన్ని అంతర్గతీకరించుకున్న వివక్షగా, తనలోని తనను ద్వేషించుకోవడంగా విమర్శకులు చాలా చర్చించారు. అదంతా సరైనదే. ఇప్పుడు చదివితే నాకు ఇంకోటి కూడా కనిపించింది. మాట్లాడించాలన్న కోరిక కూడా హింస కాగలదు. ఆ కోరిక వెనక ఎంత ప్రేమ ఉన్నా, ఎంత రాజకీయం ఉన్నా. కింగ్-కాక్ చ్యుంగ్ 1993లో ‘ఆర్టిక్యులేట్ సైలెన్సెస్’లో, మౌనమంతా అణచివేతే, మాటంతా విముక్తే అని అనుకోవడంలో ఉన్న పాశ్చాత్య అహంకారాన్ని ప్రశ్నించింది. శ్రద్ధగా వినే మౌనం ఉంటుంది, ఎదిరించే మౌనం ఉంటుంది అంది. నేను ఆ జాబితాకు ఇంకోటి కలుపుతాను. భయంతో బిగిసిన మౌనం. అది ఎదిరింపు కాదు, కాబట్టి దాన్ని కీర్తించి వదిలెయ్యకూడదు. బాత్రూముకి వెళ్ళాలని అడగలేని పిల్ల మౌనంలో సౌందర్యం వెతకడం క్రూరత్వం. అలాగని బద్దలు కొట్టాల్సిన గోడా కాదు. అది తలుపు. లోపలివైపు నుంచి తెరుచుకోవాలి.

పాప ఇప్పుడు ఒకటో తరగతి. ఆయమ్మతో గలగలా మాట్లాడుతుంది. ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. టీచర్‌కు చెవిలో గుసగుసగా జవాబు చెప్తుంది. క్లాసులో నిలబడి పద్యం చెప్పడం ఇంకా రాదు. లిఫ్టులో పక్కింటావిడకు ‘బై’ చెప్పింది పోయిన నెలలో. రేపు చెప్పకపోవచ్చు కూడా. పైకి వెళ్ళిన మెట్లు మళ్ళీ దిగే రోజులుంటాయని సైకాలజిస్టు ముందే చెప్పింది. ఇంట్లో మాత్రం నానమ్మ తాయెత్తు వల్లే తగ్గిందని అంటే, “కాదు, ఆయమ్మ వల్ల” అని వాదించేంత నోరుంది.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది పాఠాలు చెప్పేవాళ్ళే. పట్టించుకోకుండా వదిలేసిన పిల్లల్లో కొందరు పెద్దయ్యాక ఎప్పటికో మాట్లాడతారు, కానీ నలుగురిలో నోరు విప్పాలంటే భయం మిగిలిపోతుంది. వాళ్ళు మన ఎంఏ క్లాసుల్లో చివరి బెంచీల్లో కూర్చుంటారు. వాళ్ళ పక్కనే ఇంగ్లీష్ వల్ల, కులం వల్ల, ఊరి యాస వల్ల నోరు కట్టేసుకున్న అమ్మాయిలు కూర్చుంటారు. ఇద్దరి మౌనాలూ ఒకటి కావు, పైకి ఒకేలా కనిపిస్తాయి. ఇంటర్నల్ మార్కుల్లో ‘పార్టిసిపేషన్’ గడి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఒకటే అంకె పడుతుంది. వైవాలో ‘మాట్లాడమ్మా, ఎందుకు భయం?’ అంటాం. ఆ వెంటనే మనమే జవాబు అందిస్తాం, లేదా పక్కనున్న అబ్బాయి అందుకుంటాడు.

ఈ సెమిస్టర్ నుంచి గెస్ట్ లెక్చరర్‌గా ఒక కాలేజీలో చెప్తున్నాను. ప్రశ్న ముందురోజే రాసి ఇస్తున్నాను. క్లాసులో ముందు ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమంటున్నాను, ఏ భాషలోనైనా. తర్వాత అడిగి, వాచీ చూసుకోకుండా అయిదు లెక్కపెడుతున్నాను. మూడు దగ్గరికి వచ్చేసరికి ముందు బెంచీ అబ్బాయిల చేతులు లేస్తాయి. వాటిని కాసేపు ఆగమంటున్నాను. నాలుగు, అయిదు. ఒక్కోసారి ఆరూ, ఏడూ కూడా అవుతోంది. నిన్న దేవరకొండ నుంచి వచ్చే అమ్మాయి తొమ్మిది దగ్గర మొదలుపెట్టింది.